కాలేజీలో ఆడుతూ, పని చేస్తూ ఉంటే ఇది చూసుకోండి

డిగ్రీలోనో బీటెక్‌లోనో ఉండి సాయంత్రం వాలీబాల్, ముహూర్తాల రోజుల్లో క్యాటరింగ్ అని తిరిగే కుర్రాళ్లు రెజ్యూమెలో మాత్రం "హాబీస్: వాలీబాల్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు, క్యాటరింగ్ మాటైతే నామోషీ అనుకుని అసలు ఎత్తరు. అలా చేయకండి. నేను రెండేళ్లు పెళ్లిళ్లలో వడ్డనకి వెళ్లాను. ఒక బంతి లేచేలోపు తర్వాతి బంతికి ఎన్ని ఆకులు కావాలో లెక్కేసుకోవాలి, ఏ వరసకి సాంబారు అందలేదో చూసుకోవాలి, మధ్యలో పెళ్లివారి బాబాయి ఎవరో కేకలేస్తే నవ్వుతూ సర్దిచెప్పాలి. ఇంటర్వ్యూలో "టెన్షన్‌లో ఎలా పనిచేస్తావ్?" అంటే నేను ఇదే చెప్పాను, జావా ప్రశ్నల కంటే సాంబారు గురించే ఎక్కువసేపు అడిగారు!

ఆటలవాళ్లకి ఇంకోటి. యూనివర్సిటీ జట్టు తరఫున అంతర్ విశ్వవిద్యాలయ టోర్నీ ఆడితే కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకి పనికొస్తుంది. ఏ ఆట, ఏ స్థానం అన్నది నోటిఫికేషన్‌ని బట్టి మారుతుంది కాబట్టి అది చదువుకోండి. దానికి ఫారం-3, అంటే ఆ టోర్నీ ఆడినట్టు యూనివర్సిటీ ఇచ్చే సర్టిఫికెట్ కావాలి, సంతకం యూనివర్సిటీ స్పోర్ట్స్ డీన్‌దో డైరెక్టర్‌దో ఉండాలి, కాలేజీ పీడీ సార్ ఇచ్చిన రంగుల సర్టిఫికెట్‌తో పని జరగదు. ఆడిన ఏడాదే తీసుకోండి, పాస్ అయిపోయాక ఆ ఆఫీసు చుట్టూ తిరగడం మా రూమ్మేట్‌కి బాగా తెలుసు.