మొండికేసిన ఎద్దును బొలెరో పికప్ బండి ఎక్కించడం ఎలా?

బండలాగుడు పందేనికి పోయే ఎద్దయినా, ఎమ్మిగనూరు సంతలో కొన్న కాడెద్దయినా బండి కాడికొచ్చేసరికి కాళ్లు తన్నిపెడుతుంది. నలుగురు ముక్కుతాడు గుంజుతారు, ఒకరు తోక మెలేస్తారు. ఆ పూటకు ఎక్కుతుంది. ఇంకోసారి బండిని దూరం నుంచి చూసినా వెనక్కి తిరుగుతుంది. పందెం తేదీకి కనీసం 10 రోజుల ముందు నేర్పడం మొదలుపెట్టండి.

బొలెరోను మట్టి మిట్టకు ఆనించి, మిట్టా బండీ ఒకే మట్టంగా ఉండేలా పెట్టుకుంటే సగం పని అయినట్టే. మిట్ట దొరక్కపోతే 9 అడుగుల చెక్క బల్ల వేయండి. అంతకన్నా పొట్టిదైతే ఏటవాలు ఎక్కువైపోతుంది. బల్ల మీద 8 అంగుళాలకొకటి అడ్డబద్దలు కొట్టాలి. బండిలో రెండంగుళాల ఇసుక పోసి తడిపి, పైన వరిగడ్డి పరవండి. వట్టి రేకు మీద గిట్ట జారుతుంది, చప్పుడుకు ఎద్దు బెదురుతుంది. ఇంజన్ ఆపి, టైర్లకు రాళ్లు పెట్టండి. వేలాడే గొలుసులు, పట్టల కొసలు తీసేయండి. తాడు నూలుదే వాడాలి, నైలాను చెయ్యి కోస్తుంది. పని తెల్లారుజామునే కావాలి. ఎండ ముదిరితే నీడకూ వెలుతురుకూ మధ్య గీత పదునెక్కి, దాన్ని గుంతనుకొని ఎద్దు ఆగిపోతుంది.

కడుపు నిండా మేపి తీసుకురావద్దు. నానబెట్టిన ఉలవలు గంపలో పోసి బండి లోపల పెట్టండి. తౌడు వద్దు, ఊదితే లేచి కళ్లలో పడుతుంది.

అందరూ చెడగొట్టేది ముందుకాళ్లు బల్ల మీద పెట్టి ఆగిపోయినప్పుడే. అప్పుడు తాడు గుంజకండి. ముందు నుంచి గుంజేకొద్దీ ఎద్దు తన బరువంతా వెనక్కేస్తుంది, ముక్కు చీలుతుంది. అందుకే పని ముక్కుతాడుతో కాదు, కొమ్ముల వెనక నుంచి మూతి చుట్టూ కట్టిన తాడుతో చేయాలి. ఆ తాడును బండి ముందు కమ్మీలోంచి తిప్పి ఒకరు పట్టుకుంటారు. ఎద్దు ముందుకొస్తే వదులైన తాడు అందుకోవడమే ఆ మనిషి పని. తాడు చేతికి చుట్టుకోకూడదు.

ఎద్దు తల దించి బల్లను వాసన చూస్తుంది. చూడనివ్వండి, అదిలించకండి. చెవులు ముందుకు వచ్చి, ఊపిరి నిదానమయ్యాక, రెండో మనిషి పక్కగా నిలబడి తొంటి మీద అరచెయ్యి ఆనించి మెల్లగా నొక్కాలి. బరువు ముందుకు మళ్లిన క్షణానే చెయ్యి తీసేయాలి. అడుగేశాక కూడా నొక్కుతూ ఉంటే, అడుగేసినా ఒకటే వేయకపోయినా ఒకటే అని ఎద్దుకు అర్థమవుతుంది. సరిగ్గా వెనక నిలబడకండి. అక్కడున్నది దానికి కనపడదు, తంతుంది. బండి అంచుకూ ఎద్దుకూ మధ్య అసలే వద్దు.

వెనక్కి పోతే పోనివ్వండి, నిటారుగా పోయేలా మాత్రం చూడండి. బల్ల పక్కకు కాలు జారితే విరుగుతుంది. తెల్లగుడ్లు తేలేసినా, పలచగా పేడ వేసినా ఆ రోజుకు చాలు. బెదిరిన ఎద్దు కుదుటపడటానికి 20–30 నిమిషాలు పడుతుంది, ఈలోగా ఎంత తంటాలు పడినా భయమే నేర్చుకుంటుంది. కళ్లలో కారం కొట్టి ఎక్కించేవాళ్లున్నారు. కళ్లు మండే జీవానికి బల్ల ఎక్కడ కనపడుతుంది?

మొదటి రెండు రోజులు ముందుకాళ్లు పెట్టి దించడమే. అప్పుడే వెనక్కి దిగడం కూడా నేర్పండి. మూడో రోజు నుంచి జత ఎద్దును ముందు ఎక్కించి దీన్ని పిలవండి. ఎలపటెద్దు (కాడికి కుడివైపుది) ఎలపట, దాపటెద్దు (ఎడమవైపుది) దాపటే నిలబడాలి, కాడిలో ఉన్నట్టే.

లోపలికి వచ్చాక తల ఇంజన్ వైపే ఉంచి కట్టండి. తాడు మూరన్నర మించితే కాలు చిక్కుతుంది. కమ్మీకి జారుముడి వేయండి, మెడకు మాత్రం వేయకండి, గుంజితే బిగుసుకుంటుంది. లారీ అయితే 1978 పశు రవాణా నిబంధనల ప్రకారం ఆరు పశువులకు మించకూడదు, వెంట ఒక మనిషి ఉండాలి.

తొలిసారి ఊరి చుట్టూ ఒక చుట్టు తిప్పి తెచ్చి, మళ్లీ అదే బల్ల మీద దించండి. దిగేటప్పుడు వెనక డోరు పూర్తిగా తెరిచి, బల్ల కదలకుండా ఉందో లేదో తొక్కి చూశాకే తాడు విప్పండి. విప్పగానే తొందరపెట్టొద్దు, వెనక గిట్ట బల్లను తడుముకొని ఆనించుకునేదాకా ఆగండి.