పత్తి సీజన్‌లో మనసును నిలకడగా ఉంచుకోవడం

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి బండ్లు వరుసకట్టే నెలల్లో తూకం, వేలం, బిల్లుల మధ్య నలిగేవారిని రోజూ గంటసేపు ధ్యానం చేయమనడం న్యాయం కాదు. పనిలో ఇమిడిపోయే సాధనే చివరిదాకా నిలుస్తుంది.

ముందుగా శ్వాసపై దృష్టి పెట్టాలి. వెన్ను నిటారుగా ఉంచి, మనసులో 4 లెక్కపెట్టేంతసేపు ముక్కుతో గాలి పీల్చి, 6 లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలండి, మధ్యలో బిగబట్టకండి. నిశ్వాసం దీర్ఘమైనప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె వేగం తగ్గుతుంది కనుక, ధర దగ్గర మాటామాటా పెరుగుతోందని అనిపించగానే, ఎదుటివారికి తెలియకుండానే పది శ్వాసలు ఇలా తీసుకోవచ్చు. తల తిరిగితే ఆపి, మామూలుగా ఊపిరి తీసుకోవాలి.

ధ్యానానికి ఉదయం పది నిమిషాలు చాలు. కళ్లు మూసుకుని ముక్కుపుటాల దగ్గర గాలి స్పర్శను గమనిస్తుండగా రావలసిన బాకీ గుర్తుకొస్తే, విసుక్కోకుండా మళ్లీ శ్వాస దగ్గరకు రండి. అలా తిరిగి రావడమే సాధన అని నా నమ్మకం.

చలిగాలి, వేళతప్పిన తిండి, నిద్రలేమి వాతాన్ని, అంటే పెరిగితే మనసును కుదురుగా ఉండనివ్వని దోషాన్ని, పెంచుతాయని ఆయుర్వేదం చెబుతుంది. అందుకే మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు వేళకు తిని, సాయంత్రం టీలు తగ్గించి, పడుకునే ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్లు మర్దించుకోవాలి. జ్వరం, అజీర్ణం ఉన్నప్పుడు మర్దన వద్దు. గర్భిణులు, థైరాయిడ్ మందులు వాడేవారు ఒత్తిడికి వాడే మూలిక అశ్వగంధను వైద్యుణ్ణి అడగకుండా తీసుకోరాదు.