గ్రీన్‌కార్డు మీద వచ్చిన పెద్దవాళ్లకు మెడికేర్: మా ఇంటి లెక్క

మా మామయ్యగారు తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో 34 ఏళ్లు లెక్కలు చెప్పారు. మెడికేర్, అంటే 65 దాటినవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, కోసం ఇక్కడ న్యూజెర్సీలో సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు తీసుకెళ్తే ఆయన నన్ను అడిగిన మొదటి మాట, "నా సర్వీసు ఇక్కడ లెక్కలోకి రాదామ్మా?" అని.

రాదు. మెడికేర్‌కు అమెరికాలో చేసిన పనే లెక్క. మావారు ఇరవై ఏళ్లుగా ఇక్కడ కడుతున్న మెడికేర్ పన్ను కూడా అమ్మానాన్నలకు పనికిరాదు. పార్ట్ ఎ, అంటే ఆస్పత్రిలో చేరితే పనికొచ్చే భాగం, ఉచితంగా రావాలంటే వాళ్లకే 40 క్వార్టర్లు, అంటే పదేళ్ల పని, ఉండాలి. భార్యాభర్తల్లో ఒకరికి ఉన్నా రెండోవాళ్లకు పనికొస్తుంది, పిల్లలకు ఉంటే మాత్రం పనికిరాదు.

అయితే కొనుక్కోవచ్చు. 65 ఏళ్లు నిండి, గ్రీన్‌కార్డు మీద ఇక్కడ ఏకధాటిగా 5 ఏళ్లు ఉంటే చాలు. 2026లో పార్ట్ ఎ నెలకు 565 డాలర్లు. 30 నుంచి 39 క్వార్టర్లు ఉన్నవాళ్లకు 311. పార్ట్ బి, అంటే డాక్టర్లకూ పరీక్షలకూ, 202.90. మనిషికి 767.90, ఇద్దరికీ 1,535.80. మామయ్యగారు ఈ కూడిక కరెంటు బిల్లు కవరు వెనకాల వేసి, రెండోసారి సరిచూసుకుని, పెన్నుకు మూత పెట్టి మాట్లాడకుండా లేచి వెళ్లిపోయారు. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

అంత పెట్టలేనివాళ్లు పార్ట్ బి ఒక్కటే తీసుకోవచ్చు. మా వీధిలో ఒక పెద్దాయన అలాగే చేశారు. కానీ ఆస్పత్రిలో చేరితే ఆ బిల్లు నెత్తిన పడుతుంది. ఇప్పుడు చెప్పబోయే మెడిగ్యాప్, అడ్వాంటేజ్ రెండూ దొరకవు, వాటికి ఎ, బి రెండూ ఉండాలి.

మేం దెబ్బతిన్నది తేదీల దగ్గర. అయిదేళ్లు నిండే నెల, దానికి ముందు 3 నెలలు, తర్వాత 3 నెలలు, మొత్తం 7 నెలల్లో దరఖాస్తు పెట్టాలి. మా వాళ్లకు అయిదేళ్లు 2024 జూన్‌లో నిండాయి. మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ఇన్సూరెన్స్ అమ్మే ప్రభుత్వ వెబ్‌సైట్లో, కొన్న పాలసీ ఉందిగా, తొందరేముంది అనుకున్నాం. ఆ గడువు దాటితే మళ్లీ జనవరి నుంచి మార్చి వరకే తీసుకుంటారు. 2025లో ఆ మూడు నెలలూ పెళ్లి పేరుతో తెనాలిలోనే ఉన్నాం. చివరికి 2026 జనవరిలో చేరారు. నిండా 12 నెలలు ఆలస్యమైతే 10 శాతం జరిమానా. ఎ మీద పడింది కొన్నాళ్లకు తీరిపోతుంది గానీ బి మీద పడింది జన్మంతా వదలదు, మనిషికి నెలకు 20 డాలర్లు. అత్తయ్యగారు ఇప్పటికీ ఆ పెళ్లిని "ఇరవై డాలర్ల పెళ్లి" అంటారు.

సరే, ఎ, బి వచ్చాయి. వాటితో అయిపోదు. ఆస్పత్రిలో చేరితే మొదటి 1,736 డాలర్లు మనవే. పార్ట్ బి కింద ఏడాదికి మొదటి 283 డాలర్లు మనవి, ఆ తర్వాత చాలా బిల్లుల్లో 20 శాతం మనది. ఆ 20 శాతం ఇంతకు మించదు అనే హద్దేమీ లేదు. మామయ్యగారికి షుగరు, గుండెలో ఒక స్టెంటు. అందుకే మెడిగ్యాప్ కావాలనుకున్నాం. ఇది ప్రైవేటు కంపెనీ అమ్మే పాలసీ. మెడికేర్ కట్టగా మిగిలింది కడుతుంది.

ఇందులో నిజంగా పట్టుకోవాల్సిన సంగతి ఒక్కటే. 65 దాటినవాళ్లకు పార్ట్ బి మొదలైన రోజు నుంచి 6 నెలలు మెడిగ్యాప్ కంపెనీ ఎవరినీ కాదనకూడదు, జబ్బుందని ధర పెంచకూడదు. స్టెంటు ఉన్న 72 ఏళ్ల మనిషికి కూడా ఇచ్చి తీరాలి. ఆ ఆరు నెలలు దాటాక చాలా రాష్ట్రాల్లో ఆరోగ్యం గురించి అడుగుతారు, పొమ్మంటారు. న్యూయార్క్, కనెక్టికట్, మసాచుసెట్స్, మెయిన్ వేరు. న్యూజెర్సీ ఆ జాబితాలో లేదు.

ప్లాన్లకు అక్షరాల పేర్లు. ఏ కంపెనీ దగ్గర కొన్నా ప్లాన్ జి అంటే అవే ప్రయోజనాలు, ధరలే వేరు. మాకు ఒకే ప్లాన్ జికి రెండు కంపెనీలు చెప్పిన ధరల్లో నెలకు ఎనభై డాలర్ల తేడా వచ్చింది. కాబట్టి బ్రోచర్లు చదువుతూ కూర్చోకండి. ధర ఎంత, వయసుతో పాటు ఎలా పెరుగుతుంది, ఈ రెండే అడగండి. ప్లాన్ జి ఆ 283 తప్ప దాదాపు అన్నీ కడుతుంది. ప్లాన్ ఎన్ కాస్త చవక, కానీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా 20 డాలర్ల దాకా పెట్టుకోవాలి.

ఇండియా వెళ్లొచ్చేవాళ్లకు ఇంకో మాట. మెడికేర్ ఇండియాలో పైసా ఇవ్వదు. ప్లాన్ జి, ఎన్ లాంటివి ప్రయాణం మొదలైన 60 రోజుల్లోపు వచ్చిన అత్యవసర వైద్యానికి 250 డాలర్లు పోను 80 శాతం ఇస్తాయి, జీవితం మొత్తానికి 50,000 డాలర్ల వరకు. అరవై రోజులు దాటి ఉండేటట్టయితే వేరే ట్రావెల్ ఇన్సూరెన్స్ చూసుకోవాలి. పళ్లు, కళ్లజోళ్లు, చెవి మిషన్లు మెడికేర్‌లోనూ మెడిగ్యాప్‌లోనూ మామూలుగా రావు. పళ్ల పని మా వాళ్లు తెనాలిలోనే చేయించుకుంటారు.

గుడిలో హెల్త్ ఫెయిర్ పెట్టినప్పుడు ఒక ఏజెంటు "జీరో ప్రీమియం అంకుల్, జిమ్ కూడా ఫ్రీ" అని మామయ్యగారిని కూర్చోబెట్టేశాడు. అది అడ్వాంటేజ్, అంటే మెడికేర్‌ను ప్రైవేటు కంపెనీ చేతుల మీదుగా తీసుకునే ప్లాన్. ప్రీమియం సున్నా అన్నా పార్ట్ ఎ, బి డబ్బులు కట్టడం తప్పదు, ఆ మాట అతను చెప్పలేదు. డాక్టర్లు మామూలుగా వాళ్ల జాబితాలో, అంటే నెట్‌వర్క్‌లోనే ఉండాలి, పెద్ద వైద్యాలకు ముందుగా అనుమతి తీసుకోవాలి. చెడ్డదని అనను. చేతిలో డబ్బు తక్కువుండి, మీ డాక్టర్లు అందులో ఉంటే నడుస్తుంది, పైగా నెట్‌వర్క్‌లో ఏడాది ఖర్చు 9,250 డాలర్లు దాటదు. కానీ తర్వాత ఎప్పుడో మెడిగ్యాప్‌కు మారదామంటే ఆ ఆరు నెలలు తిరిగి రావు.

మందులకు పార్ట్ డి విడిగా తీసుకోవాలి. మెడికేర్ వెబ్‌సైట్లో ఆయన వేసుకునే ఆరు మందులూ ఒక్కొక్కటే టైపు చేస్తే ఏ ప్లాన్లో ఏడాదికి ఎంతవుతుందో చూపించింది. లిస్టులో ఉన్న మందులకు ఏడాదికి మన జేబు నుంచి 2,100 డాలర్లు మించవు, ఇన్సులిన్ నెలకు 35 దాటదు.

సలహాకు ఏజెంటు కంటే ముందు షిప్ (SHIP) అనే ప్రభుత్వ మెడికేర్ సలహా కేంద్రం వాళ్లను అడగండి. ప్రతి రాష్ట్రంలోనూ ఉంటారు, ఏమీ అమ్మరు, డబ్బు తీసుకోరు. మెడికేర్ నంబరు 1-800-633-4227. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే పెడతారు.

కార్డులు పోస్టులో వచ్చాయి. అత్తయ్యగారు వాటిని పాత రేషన్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచారు. వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి, "మెడికేర్ నుంచి, కొత్త కార్డు పంపుతాం, నంబరు చెప్పండి" అని. మెడికేర్ వాళ్లు తమంతట తాము ఫోన్ చేసి నంబరు అడగరని ఆవిడకు ముందే చెప్పి ఉంచాను. అవతలివాడు ఇంగ్లీషులో ఎంత గుక్క తిప్పుకోకుండా మాట్లాడినా ఈవిడది ఒకటే తెలుగు: "మా కోడలు ఇంట్లో లేదు నాయనా, సాయంత్రం చెయ్యి."