అటాచ్‌మెంట్ పోతలేదా, తెరుచుకుంటలేదా? అవుట్‌లుక్, థండర్‌బర్డ్ వాడేవాళ్ల కోసం సమస్య - పరిష్కారం

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లోనైనా, నల్గొండ, మహబూబ్‌నగర్ ఆడిటర్ల ఆఫీసుల్లోనైనా వాట్సాప్ ఎంత నడిచినా స్టాక్ రిపోర్టు, టెండర్ కాగితం, బ్యాంకుకు ఇచ్చే లెక్క మాత్రం ఇంకా మెయిల్‌లోనే పోతాయి. మెయిల్‌కు తగిలించిన ఫైల్ మొరాయిస్తే వచ్చే ఫిర్యాదు ఒక్కటే: "అన్నా, అటాచ్‌మెంట్ అయితలేదు." ఆ ఒక్క మాట వెనక చాలా వేర్వేరు రోగాలుంటాయి. అందుకే ఏ సెట్టింగూ ముట్టుకోకముందు ఫైల్ ఎక్కడ ఆగిందో చూడాలి.

మెయిల్ ఇంకా అవుట్‌బాక్స్‌లోనే ఉంటే తప్పు మీ కంప్యూటర్‌లోనో, మీ నెట్‌లోనో, మీ సర్వర్ దగ్గరో ఉంది. సెంట్ ఐటమ్స్‌లోకి వెళ్లాక ఇంగ్లిష్‌లో ఒక తిరుగు మెయిల్ వచ్చిందంటే దారిలో ఏదో సర్వర్ కాదంది. తిరుగు మెయిల్ కూడా లేకుండా అవతలివాళ్లు "రాలేదు" అంటుంటే ముందు వాళ్ల స్పామ్ ఫోల్డర్ చూడమనండి. ఇవేవీ తేల్చుకోకుండా అవుట్‌లుక్ మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం దండగ పని. పాత మెయిళ్లున్న పీఎస్టీ ఫైల్ ఎక్కడుందో తెలియకుండా ఆ పనికి దిగితే దండగ కాదు, ప్రమాదం.

కింద చెప్పిన అవుట్‌లుక్ మెనూలు పాత తరహా అవుట్‌లుక్‌వి. విండోస్‌లోని మెయిల్ యాప్‌కు 2024 డిసెంబర్ 31తో సపోర్ట్ ఆగిపోయాక చాలామంది కొత్త అవుట్‌లుక్‌కు మారారు. అందులో ఈ మెనూలు కొన్ని కనిపించవు.

"అవుట్‌బాక్స్‌లనే కూసుంది, కదుల్తలేదు"

దాదాపు ఎప్పుడూ బరువే కారణం. గద్వాల చీరల ఫొటోలు ఓ ఎనిమిది తగిలించి పంపుతారు. ఫోన్‌లో తీసిన ఫొటో ఒక్కోటి మూడు నాలుగు ఎంబీ ఉంటుంది. "మొత్తం 24 ఎంబీనే కదా, 25 దాకా పోతుందన్నరు" అంటారు. ఆ 25 జీమెయిల్ పెట్టుకున్న హద్దు. పాత అవుట్‌లుక్ పాప్ (మెయిల్‌ను కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతి), ఐమ్యాప్ (మెయిల్‌ను సర్వర్‌లోనే ఉంచి చూసే పద్ధతి) ఖాతాలకు తనంతట తానే 20 ఎంబీ దగ్గర ఆపేస్తుంది. కంపెనీ సొంత డొమైన్ మెయిళ్లలో కొన్నిచోట్ల 10 ఎంబీకే గేటు పడుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మెయిల్ వ్యవస్థ మొదట అక్షరాలు మోయడానికే పుట్టింది. ఫొటో అయినా పీడీఎఫ్ అయినా దారిలో అక్షరాలుగా మారిపోతుంది. ప్రతి 3 బైట్లకు 4 అక్షరాలు పడతాయి. అంటే మీ డెస్క్‌టాప్ మీద 18 ఎంబీ చూపించే ఫైల్ దారిలో 24 ఎంబీ దాటుతుంది. చాలా సర్వర్లు ఈ ఉబ్బిన లెక్కనే చూస్తాయి. అందుకని ఒక మెయిల్‌లో అన్నీ కలిపి 14 ఎంబీ దాటనివ్వకపోవడం మంచిది. అవతలి సర్వర్ హద్దు చిన్నదని తెలిస్తే 7 దగ్గరే ఆగండి.

ఇప్పటికే ఇరుక్కున్న మెయిల్‌ను డిలీట్ కొట్టినా పోదు, "పంపడం మొదలైంది" అని అడ్డం తిరుగుతుంది. సెండ్/రిసీవ్ ట్యాబ్‌లో వర్క్ ఆఫ్‌లైన్ నొక్కి, అవుట్‌లుక్ మూసి మళ్లీ తెరవండి. ఆ మెయిల్‌ను అవుట్‌బాక్స్ నుంచి డ్రాఫ్ట్స్‌లోకి లాగి, బరువైన ఫైల్ తీసేశాక వర్క్ ఆఫ్‌లైన్ మళ్లీ నొక్కితే లైన్‌లోకి వస్తుంది. వెనక ఆగిన మెయిళ్లన్నీ అప్పుడు వాటంతట అవే పోతాయి.

సైజు హద్దులోనే ఉన్నా పోవడం లేదంటే నెట్ అప్‌లోడ్ వేగం చూడండి. డౌన్‌లోడ్ చూసి మోసపోవద్దు. అప్‌లోడ్ 1 ఎంబీపీఎస్ (సెకనుకు ఒక మెగాబిట్, అంటే ఎంబీలో ఎనిమిదో వంతు) మాత్రమే ఉంటే 20 ఎంబీ ఫైల్ పైన చెప్పిన ఉబ్బుతో కలిపి ఎక్కడానికి మూడున్నర నిమిషాలకు పైనే పడుతుంది. అంతలో ప్రోగ్రామ్‌కు ఓపిక నశిస్తుంది. థండర్‌బర్డ్ మామూలుగా 100 సెకన్లు చూస్తుంది. సెట్టింగ్స్‌లో జనరల్ పేజీ అడుగున ఉన్న కాన్ఫిగ్ ఎడిటర్ తెరిచి 'టీసీపీటైమౌట్' అని ఇంగ్లిష్‌లో వెతికి 100ను 300 చేయండి. అవుట్‌లుక్‌లో ఖాతా సెట్టింగ్స్, మోర్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లో సర్వర్ టైమౌట్స్ అనే జారుడు పట్టీ ఉంటుంది. దాన్ని 5 నిమిషాల దాకా జరపండి. ఒకే మెయిల్ అవతలివాళ్లకు రెండు మూడుసార్లు పోతుంటే కూడా మందు ఇదే. పోయే మెయిళ్లను స్కాన్ చేసే యాంటీవైరస్ ఆలస్యం చేస్తున్నా ఇలాగే జరుగుతుంది.

బరువు తగ్గించడానికి జిప్ చేస్తామంటారు. జేపీజీ, పీడీఎఫ్, కొత్త రకం ఎక్సెల్ ఫైళ్లు అప్పటికే కుదించినవి. జిప్ చేస్తే పది ఫైళ్లు ఒకటవుతాయి తప్ప బరువు పెద్దగా తగ్గదు. తగ్గించాల్సింది స్కాన్ చేసేటప్పుడే. ఒక ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) రంగుల్లో స్కాన్ చేస్తే కుదించక ముందు 26 ఎంబీ. గ్రేస్కేల్‌లో (రంగుల్లేకుండా నలుపు, బూడిద ఛాయల్లో) చేస్తే అందులో మూడో వంతు. వేబ్రిడ్జి చీటీకి రంగులెందుకు? 200 డీపీఐ గ్రేస్కేల్ సరిపోతుంది. ఫొటోలనైతే మెయిల్‌కు తగిలించే ముందే రీసైజ్ చేయండి.

"పోయింది గానీ తిరిగొచ్చింది"

తిరుగు మెయిల్ ఇంగ్లిష్‌లో బారెడు ఉంటుంది, చూడగానే టెన్షన్ పడొద్దు. మూడంకెల నంబర్ వెతకండి. 552, దాని పక్కన 5.3.4 ఉంటే సైజు ఎక్కువైంది. జీమెయిల్ నుంచి 552 5.7.0 అని వస్తే ఫైల్ రకం నచ్చలేదు. ఈఎక్స్ఈ (నొక్కితే నడిచే ప్రోగ్రామ్) లాంటి ఫైళ్లను జీమెయిల్ జిప్‌లో పెట్టినా పసిగడుతుంది. వాటిని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇవ్వడమే దారి. 'మెయిల్‌బాక్స్ ఫుల్' అని ఉంటే మీరు చేసేదేమీ లేదు, ఫోన్ చేసి వాళ్లను ఖాళీ చేసుకోమనండి.

"ఫైల్ పేరు పిచ్చిపిచ్చిగ కనిపిస్తుంది"

తెలుగులో పేరు పెట్టిన ఫైళ్లకు ఇది మామూలు. కంప్యూటర్ లోపల తెలుగు అక్షరం, గుణింతం, పొల్లు ఒక్కోటి 3 బైట్లు. 'నల్గొండ' అనే మాటలో అలాంటివి 7, అంటే 21 బైట్లు. మెయిల్‌లో పేరు రాసే ఒక పద్ధతిలో ఒక్కో బైటు ముందు శాతం గుర్తు చేరి మూడక్షరాలవుతుంది, మొత్తం 63. 'మహబూబ్‌నగర్' అయితే 'బ్' తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు కూడా ఉంటుంది కాబట్టి 99 దాకా పోతుంది. 'మహబూబ్‌నగర్ జిల్లా పహాణీ నకలు' లాంటి పేరును పంపిన ప్రోగ్రామ్ ముక్కలుగా కోసి పంపుతుంది. అందుకున్న ప్రోగ్రామ్ పాతదైతే ఆ ముక్కలు అతికించలేక శాతం గుర్తుల దండ చూపిస్తుంది, లేదంటే 'పార్ట్ 1.2' అని తనకు తోచిన పేరు పెడుతుంది.

పేరు పాడైనా లోపలి కాగితం పాడవదు. చివరనున్న పీడీఎఫ్, జేపీజీ అనే తోక ఊడిపోవడం వల్లనే విండోస్ "దేనితో తెరవాలి?" అని అడుగుతుంది. ఫైల్‌ను డెస్క్‌టాప్ మీద సేవ్ చేసి, పేరు మార్చి, చివర చుక్క పెట్టి తోక మళ్లీ తగిలించండి. ఆ తోకలు కనబడాలంటే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' టిక్ చేసి ఉండాలి. ఇది అందరూ చేసుకోవాల్సిన పని. 'బిల్లు.పీడీఎఫ్' అని కనబడేది నిజానికి 'బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ' అని బయటపడేది ఈ టిక్ వల్లనే.

పంపేవాళ్లు ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్న పేరు పెట్టడం మేలు. తెలుగు మీద ప్రేమ ఫైల్ లోపల చూపిద్దాం.

లోపల తెలుగంటే ఇంకో తలనొప్పి ఉంది. ఫైల్ తెరుచుకుంటుంది, తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. డీటీపీ సెంటర్‌లో 'అను' అనే తెలుగు ఫాంట్లతో కొట్టిన వర్డ్ ఫైల్ అది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అది తెలుగే కాదు. మెయిల్‌ను తిట్టి లాభం లేదు, ఆ సెంటర్ నుంచే పీడీఎఫ్‌గా చేయించి తెప్పించుకోండి.

"విన్‌మెయిల్ డాట్ డ్యాట్ అని ఏదో వచ్చింది"

ఇది పంపినవాళ్ల అవుట్‌లుక్ తప్పు. మెయిల్‌ను రిచ్ టెక్స్ట్‌లో పంపితే అటాచ్‌మెంట్లన్నీ ఆ ఒక్క మూటలోకి పోతాయి, అవుట్‌లుక్ తప్ప చాలా ప్రోగ్రాములు దాన్ని విప్పలేవు. వాళ్లను ఫైల్, ఆప్షన్స్, మెయిల్‌లోకి వెళ్లి బయటి చిరునామాలకు రిచ్ టెక్స్ట్‌ను హెచ్‌టీఎంఎల్‌గా మార్చే ఎంపిక పెట్టుకోమనండి. అప్పటికీ మీ ఒక్కరికే ఇలా వస్తుంటే, చిరునామా కొట్టేటప్పుడు కింద కనబడే మీ పాత పేరును ఇంటూ గుర్తు నొక్కి తీసేసి కొత్తగా కొట్టమనండి.

"నిన్నటిదాక తెరుచుకున్నది, ఇయ్యాల 'ఫైల్ తయారు చేయలేను' అంటుంది"

రోజూ ఒకే పేరుతో రిపోర్టు వచ్చే ఆఫీసుల్లోనే ఇది ఎక్కువ. మెయిల్‌లోంచి నేరుగా డబుల్ క్లిక్ చేసి తెరిచిన ప్రతిసారీ అవుట్‌లుక్ దాని కాపీని ఒక దాచిన ఫోల్డర్‌లో పెడుతుంది. అదే పేరు మళ్లీ వస్తే పక్కన 1, 2 అని వేసుకుంటూ పోతుంది. ఫైల్ తెరిచి ఉండగానే అవుట్‌లుక్ మూసేస్తే ఆ కాపీ అక్కడే మిగిలిపోతుంది. 99 దాటాక కొత్తది పెట్టలేదు. ఫైల్ పేరు మార్చి పంపమంటే ఆ పూటకు గడుస్తుంది. అసలు మందు ఆ ఫోల్డర్ ఖాళీ చేయడం. అవుట్‌లుక్ మూసి, విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఇంగ్లిష్‌లో రెండు శాతం గుర్తుల మధ్య 'లోకల్‌యాప్‌డేటా' అని కొట్టండి. అందులో మైక్రోసాఫ్ట్, విండోస్, ఐనెట్‌క్యాష్, కంటెంట్ డాట్ అవుట్‌లుక్ అనే వరసలో లోపలికి పోవాలి. దాచిన ఫోల్డర్ కాబట్టి కనబడకపోతే చివరి పేర్లు అడ్రస్ పట్టీలో టైప్ చేయండి. అక్కడున్నవన్నీ తీసేయొచ్చు.

కానీ తీసేసే ముందు ఒక్కసారి ఆ ఫైళ్లను చూడండి. మెయిల్‌లోంచే ఎక్సెల్ తెరిచి, గంటసేపు లెక్కలు దిద్ది, సేవ్ నొక్కి మూసేసి, తెల్లారి "నా మార్పులన్నీ ఎటు పోయినయ్?" అని వెతుక్కునేవాళ్ల పని ఆ ఫోల్డర్‌లోనే దొరికే అవకాశముంది. మెయిల్‌లో ఉన్నది మాత్రం పాతదే. కాబట్టి దిద్దాల్సిన ఏ ఫైలైనా ముందు సేవ్ చేసుకుని, ఆ సేవ్ చేసిన చోటు నుంచి తెరవండి. ఈ రెండు సమస్యలూ అక్కడే ఆగిపోతాయి.

"క్లిప్ గుర్తుంది, ఫైల్ కనిపిస్తలేదు"

అవుట్‌లుక్ ఈఎక్స్ఈ, బ్యాట్, యాక్సెస్ డేటాబేస్ ఎండీబీ వంటి రకాలను కనబడకుండా ఆపేస్తుంది. పైన పసుపు పట్టీలో ఆ విషయం రాస్తుంది గానీ ఎవరూ చదవరు. డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ లాగి తగిలించినా ఇదే గతి. అది ఫైల్ కాదు, ఫైల్‌కు దారి చూపే బోర్డు. అసలు ఫైల్ పంపమనండి. క్లిప్ బదులు మబ్బు గుర్తు ఉండి పర్మిషన్ అడుగుతుంటే వన్‌డ్రైవ్ లింక్ వచ్చింది. పంపేవాళ్లు 'అటాచ్ యాజ్ కాపీ' ఎంచుకోవాలి.

"మెయిల్ ఉంది, అది నా సిస్టమ్‌ల లేనే లేదు"

ఒకే ఖాతా ఓనర్ ల్యాప్‌టాప్‌లో, గుమస్తా కంప్యూటర్‌లో రెండింటిలో పాప్ పద్ధతిలో పెట్టుకుని, సర్వర్‌లో కాపీ ఉంచే టిక్ లేనిచోట, ముందు తెరిచినవాళ్లు మెయిల్‌ను సర్వర్ నుంచి దించేసుకుంటారు, రెండోవాళ్లకు మిగలదు. రెండింట్లోనూ ఐమ్యాప్‌గా మార్చుకోవడం ఉత్తమం. కుదరకపోతే ఖాతా అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో సర్వర్‌లో కాపీ ఉంచే టిక్ రెండుచోట్లా పెట్టండి. ఈ మార్పు ఇకపై వచ్చే మెయిళ్లకే. ఇప్పటికే దిగిపోయిన అటాచ్‌మెంట్ కావాలంటే దాన్ని ముందు దించుకున్న కంప్యూటర్ తెరిచి అక్కడి నుంచే ఫార్వర్డ్ చేసుకోవాలి.