రోమన్ నాణేల మీద, సమాధి రాళ్ల మీద ఉన్న స్త్రీల బొమ్మలను చదవడం ఎలా?

రోమన్ సామ్రాజ్యంలో బతికిన స్త్రీల గురించి పుస్తకాల్లో మిగిలింది దాదాపు అంతా మగవాళ్లు రాసిందే. బొమ్మలు మాత్రం చాలా ఉన్నాయి. ఈజిప్టు నుంచి బ్రిటన్ దాకా నాణేల మీద, సమాధి రాళ్ల మీద స్త్రీలు కనిపిస్తారు. వాళ్లలో చక్రవర్తుల భార్యలు ఉన్నారు, దేవతలు ఉన్నారు, ఉన్ని వడికిన ఇల్లాళ్లు ఉన్నారు, బానిసత్వం నుంచి బయటపడినవాళ్లూ ఉన్నారు. ఈ బొమ్మలను చదవడానికి చరిత్రలో డిగ్రీ అక్కర్లేదు. కొంచెం ఓపిక, ఒక వరస ఉంటే చాలు.

చాలామంది ముఖంతో మొదలుపెడతారు. ముఖాన్ని చివరికి వదిలేయండి. డబ్బు ఎవరు పెట్టారు, పక్కన ఏం రాశారు, చేతిలో ఏం పెట్టారు అనేవి ముందు చూడాలి. ఈ మూడూ తేలకుండా ముఖం చూసి చెప్పేదంతా ఊహే.

కావలసినవి

ఇంటర్నెట్ ఉన్న ఫోన్, ఒక నోట్‌బుక్, గ్రీకు పెద్ద అక్షరాల పట్టిక. గ్రీకు అక్షరాలు ఇరవై నాలుగే, రోజుకు నాలుగైదు చొప్పున నేర్చుకుంటే వారంలో పట్టుబడతాయి. రోమన్ ప్రావిన్షియల్ కాయినేజ్ ఆన్‌లైన్ అనే డేటాబేస్‌లో ప్రాంతీయ నాణేల ఫొటోలు ఉచితంగా చూడొచ్చు. బ్రిటన్ శాసనాలకు రోమన్ ఇన్‌స్క్రిప్షన్స్ ఆఫ్ బ్రిటన్ వెబ్‌సైట్ ఉంది. నాణేలు కొనాల్సిన పనిలేదు. ఎక్కడ తవ్వారో తెలియని వస్తువును అసలు కొనొద్దు. సిరియాలోని పాల్మైరా సమాధుల నుంచి ఎన్నో శిల్పాలను దొంగలు ఊడబెరుక్కుపోయారు. ఊడిన శిల్పంతో పాటు అది ఎవరి పక్కన ఉండేదో, ఏ కుటుంబానిదో అనే సమాచారం కూడా పోయింది.

1. నాణెం ఎక్కడ వేశారో ముందు తేల్చండి

రోమ్ టంకశాలలో వేసిన నాణెం వేరు, ప్రాంతీయ నాణెం వేరు. సామ్రాజ్యంలోని వందల నగరాలు, ముఖ్యంగా ఇప్పటి టర్కీ, గ్రీస్, సిరియా వైపు ఉన్నవి, సొంతంగా కంచు నాణేలు వేసుకున్నాయి. పడమటి వైపు ఈ అలవాటు క్లాడియస్ చక్రవర్తి (క్రీ.శ. 41–54) కాలానికి ఆగిపోయింది. తూర్పున క్రీ.శ. 3వ శతాబ్దం చివరిదాకా సాగింది. నాణెం మీద ఏ బొమ్మ వేయాలో చాలావరకు ఊరి పెద్దలే నిర్ణయించుకునేవారు. అందుకే ఒకే స్త్రీ రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తుంది.

మొదటి రోమన్ చక్రవర్తి అగస్టస్ భార్య లివియానే చూడండి. ఆమె కొడుకు టైబీరియస్ పాలనలో, క్రీ.శ. 22–23లో, రోమ్‌లో వేసిన ఒక నాణెం మీద ‘యూలియా అగస్టా’ అని అప్పటికి ఆమెకున్న అధికారిక పేరు ఉంది. కానీ బొమ్మ మాత్రం రెండు కంచరగాడిదలు లాగుతున్న బండి. అదే కాలపు ఇంకో నాణెం మీద అందమైన స్త్రీ ముఖం ఉంది, అది లివియాదేనని చాలామంది పండితులు అంటారు. దాని కింద రాసిన పేరు మాత్రం ‘సాలుస్ అగస్టా’, అంటే క్షేమానికి దేవత. పేరున్న చోట ముఖం లేదు, ముఖం ఉన్న చోట పేరు లేదు. ఇది కావాలని చేసిన పనే అని నా నమ్మకం. తల్లికి సెనేట్ ఇవ్వబోయిన ‘దేశమాత’ లాంటి బిరుదులను టైబీరియస్ అడ్డుకున్నాడని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు.

ఇప్పుడు స్పెయిన్‌లోని రోములా కాలనీకి (రోమన్లు స్థిరపడిన ఊరికి), అంటే ఇప్పటి సెవిల్‌కు వెళ్దాం. అక్కడి నాణెం మీద లివియా తల ఒక గోళం మీద ఉంటుంది, పైన నెలవంక. చుట్టూ ‘యూలియా అగస్టా, జగత్తును కన్న తల్లి’ అని లాటిన్‌లో రాసి ఉంటుంది. రాజధాని నోరు మెదపని మాటను ఒక చిన్న కాలనీ అచ్చు వేసి చేతికిచ్చింది. ప్రాంతీయ నాణేలు చూడాల్సిన అవసరం ఎందుకో ఈ ఒక్క నాణెం చెబుతుంది.

2. చుట్టూ ఉన్న అక్షరాలు చదవండి

తూర్పు నాణేల మీద ఎక్కువగా గ్రీకు ఉంటుంది. మొదట ‘సెబాస్తే’ అనే మాట కోసం వెతకండి. చక్రవర్తి ఇంటి స్త్రీలకు ఇచ్చే ‘అగస్టా’ అనే లాటిన్ బిరుదుకు గ్రీకులో అదే మాట. దాని పక్కన పేరు ఉంటుంది. ఊరి పేరు సాధారణంగా ‘ఫలానా ఊరివాళ్లది’ అనే రూపంలో వెనక వైపు ఉంటుంది.

ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నాణేలైతే సంవత్సరం కూడా చెబుతాయి. ఇంగ్లీషు ఎల్ ఆకారంలో ఒక గుర్తు, దాని తర్వాత గ్రీకు అంకె ఉంటుంది. అది చక్రవర్తి పాలనలో ఎన్నో ఏడో చెప్పే లెక్క. ఈజిప్టు సంవత్సరం ఆగస్టు చివర్లో మొదలవుతుంది, రాజు గద్దెనెక్కాక ఆ సంవత్సరంలో మిగిలిన నెలలే మొదటి ఏడు కింద లెక్క. నీరో క్రీ.శ. 54 అక్టోబరులో చక్రవర్తి అయ్యాడు. కాబట్టి 55 ఆగస్టుతో అతని మొదటి ఏడు అయిపోయింది. ‘పొప్పైయా సెబాస్తే’ అని నీరో భార్య పేరు, బొమ్మ ఉన్న నాణెం మీద ఎల్ గుర్తు తర్వాత గ్రీకు అయోటా ఒక్కటే ఉంటే అది పదో ఏడు, అంటే 63–64. పొప్పైయాకు అగస్టా బిరుదు 63లో వచ్చింది. బిరుదు వచ్చీ రాగానే అలెగ్జాండ్రియా ఆమెను నాణెం మీదకు ఎక్కించిందన్నమాట.

పేర్లు చదివేటప్పుడు అంచులు కూడా వదలొద్దు. టర్కీలోని అక్మోనియా నగరం నీరో కాలంలో వేసిన నాణేల మీద, ఎవరి ఆధ్వర్యంలో వేశారో చెప్పే చోట సెర్వేనియస్ కాపిటో పేరు, దానితో పాటు యూలియా సెవేరా అనే స్త్రీ పేరు ఉంటాయి. బొమ్మ ఆమెది కాదు, పేరు మాత్రమే ఆమెది. ఆమె చక్రవర్తి పూజ చేసే ప్రధాన పూజారిణి కూడా. అదే ఊళ్లో దొరికిన ఒక శాసనం, ఆమె కట్టించిన భవనాన్ని అక్కడి యూదుల సమాజం పెద్దలు తర్వాత బాగు చేయించారని చెబుతోంది. బొమ్మ కోసమే వెతికేవాళ్లకు ఇలాంటి స్త్రీ కంటపడదు.

3. మనిషా, దేవతా, ఊరా?

తల మీద కోట గోడ ఆకారంలో కిరీటం ఉంటే ఆమె మనిషి కాదు, ఆ నగరానికి అదృష్ట దేవత త్యుకే. అంతియొకియా నాణేల మీద ఆమె రాతి మీద కూర్చుని ఉంటుంది. కాళ్ల దగ్గర ఈదుతున్న కుర్రవాడు ఒరొంటీస్ నది.

చిక్కుముడి ఎక్కడంటే, మనిషినీ దేవతనూ కలిపేసిన చోట. టర్కీలోని యూమెనియా ఊరు కొంతకాలం రోమన్ సేనాని మార్క్ ఆంటోనీ భార్య ఫుల్వియా పేరు పెట్టుకుంది. ఆ నాణేల మీద రెక్కలున్న విజయ దేవత ఉంటుంది, ఆ ముఖం ఫుల్వియాదని చాలామంది అంటారు. ఇలాంటప్పుడు నోట్‌బుక్‌లో ‘ఫుల్వియా’ అని కాదు, ‘విజయ దేవత, ఫుల్వియా ముఖం కావచ్చు’ అని రాయండి. లెస్బోస్ దీవిలోని మితిలేనే నగరం మాత్రం ఇంకో దారి పట్టింది. ఎన్నో వందల ఏళ్ల కిందటి కవయిత్రి సాఫోను రోమన్ కాలంలోనూ నాణేల మీద వేసుకుంది. యూలియా ప్రోక్లా అనే స్థానిక స్త్రీని ‘వీరనారి’ అనే గౌరవంతో వేసింది. చక్రవర్తి కుటుంబంతో సంబంధం లేని స్త్రీకి నాణెం మీద చోటు దొరకడం అరుదు. నాకు అన్నిటికంటే ఇష్టమైన నాణేలు ఇవే.

4. జుట్టుతో కాలం అంచనా వేయండి

చక్రవర్తి భార్యల హెయిర్‌స్టైల్స్ నాణేల ద్వారా, విగ్రహాల ద్వారా ఊరూరా పాకేవి. నుదుటి మీద ముడిలా చుట్టిన జుట్టు లివియా కాలంది. నుదుటి పైన ఎత్తుగా నిలబెట్టిన ఉంగరాల జుట్టు క్రీ.శ. 70 నుంచి 100 ప్రాంతానిది. నడినెత్తిన జడల కొప్పు పెద్ద ఫౌస్టీనాది, 140ల నాటిది. చెవులు కప్పేలా రెండు వైపులా బరువుగా దిగిన అలల జుట్టు సిరియాలోని ఎమెసా నుంచి వచ్చిన యూలియా డోమ్నాది, 200 ప్రాంతానిది.

ఇది ‘ఈ ఏడు తర్వాత’ అని చెప్పడానికే పనికొస్తుంది. వయసులో అలవాటైన కొప్పును ముసలితనం దాకా వేసుకునే స్త్రీలు అప్పుడూ ఉండి ఉంటారు. పల్లెల్లో ఫ్యాషన్ ఆలస్యంగా మారి ఉంటుంది. ఇంకో జాగ్రత్త: ప్రాంతీయ టంకశాలల్లో అచ్చు చెక్కేవాళ్లు చాలాసార్లు చక్రవర్తి ముక్కు, గడ్డం ఆయన భార్యకు కూడా పెట్టేవారు. కాబట్టి ముఖం చూసి ఆమె అందం గురించి, గుణం గురించి రాయొద్దు.

5. సమాధి రాయి దగ్గర చేతులు చూడండి

ఇక్కడ తొందరపడకండి. నాణెం మీద స్త్రీని ఊరు ఎంచుకుంటే, సమాధి మీద స్త్రీని ఇంటివాళ్లు ఎంచుకుంటారు. ఆమెను ఎలా గుర్తుంచుకోవాలని వాళ్లు కోరుకున్నారో ఆమె చేతుల్లో ఉన్న వస్తువులే చెబుతాయి.

ఎక్కువగా కనిపించేది కదురు, ఉన్ని చుట్టిన కర్ర. ఉన్ని వడకడం మంచి ఇల్లాలి లక్షణమని రోమన్లు నమ్మేవారు. టర్కీలోని ఫ్రిజియా ప్రాంతంలో సమాధి రాయిని మూసిన తలుపు ఆకారంలో చెక్కి, దాని మీద కదురు, దువ్వెన, అద్దం, ఉన్ని బుట్ట చెక్కేవారు. మనిషి బొమ్మ లేకపోయినా అది స్త్రీ సమాధి అని ఆ వస్తువులతోనే తెలుస్తుంది.

అయితే కదురు కనిపించగానే ‘ఇల్లాలు’ అని రాసేసి ముందుకు పోవద్దు. జర్మనీలోని మైన్స్ మ్యూజియంలో 1వ శతాబ్దం మధ్యలోని మెనిమానె రాయి ఉంది. ఆమె భర్త బ్లుస్సస్ పడవ నడిపేవాడు, 75 ఏళ్లు బతికాడు. మెనిమానె చేతిలో కదురు, ఒళ్లో చిన్న కుక్కపిల్ల ఉన్నాయి. ఒంటి మీద రోమన్ బట్టలు కావు, భుజాల దగ్గర పెద్ద పెద్ద పిన్నులతో బిగించిన స్థానిక బట్టలు. ఆ కదురు రోమన్లకు అర్థమయ్యే గుర్తు, ఆ బట్టలు తన వాళ్లకు అర్థమయ్యేవి. డబ్బు ఉండి కూడా ఆ ఇంటివాళ్లు ఆమెను రోమన్ బట్టల్లో చూపించలేదు. అది గమనించడమే ఇక్కడ మీ పని.

పాల్మైరాలో మార్పు కాలంతో పాటు వస్తుంది. 2వ శతాబ్దం మధ్యదాకా స్త్రీల బొమ్మల చేతుల్లో కదురు ఎక్కువ. తర్వాత అది తగ్గిపోయి, చెయ్యి ముసుగు అంచును పట్టుకుంటుంది, మెడలో హారాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. వ్యాపారంతో బాగా కలిసొచ్చిన ఊరు అది. ఆ నగల్లో ఇంటి హోదా కూడా కనిపిస్తుంది.

ఈజిప్టులో 1911లో పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ హవారాలో బయటపెట్టిన మమ్మీ మీద ఒక యువతి ముఖచిత్రం ఉంది. ఆమె చేతిలో ఏమీ లేదు. పక్కన గ్రీకులో ‘హెర్మియోనె, గ్రమ్మతికె’ అని మాత్రం రాశారు. చదువు చెప్పేదో, బాగా చదువుకున్నదో, రెండు విధాలుగానూ చెబుతారు. ఏదైనా సరే, ఆమెను చదువుతోనే గుర్తుంచుకోవాలని ఆ ఇంటివాళ్లు అనుకున్నారు. కేంబ్రిడ్జిలో ఆడపిల్లల కోసం పెట్టిన గర్టన్ కాలేజీలోనే ఇప్పుడు ఆమె ఉంది.

6. శాసనంలో ప్రతి మాటనూ తూచండి

లాటిన్ సమాధి రాళ్లు చాలావరకు డి, ఎం అనే రెండు అక్షరాలతో మొదలవుతాయి. అవి చనిపోయినవాళ్ల ఆత్మలకు అంకితం అని అర్థం. ఈ లాటిన్ రాళ్ల మీద ఎల్ అంటే విడుదలైన బానిస. తిరగేసిన సి అక్షరం పక్కన ఎల్ ఉంటే ఆ బానిసను విడిపించింది ఒక స్త్రీ అని. అంటే సొంత ఆస్తి ఉన్న ఒక యజమానురాలు ఆ చిన్న గుర్తులో దాగి ఉంది. వయసులు ఎక్కువగా 30, 35, 40 లాంటి గుండు అంకెల్లో ఉంటాయి, వాటిని ఖచ్చితమైన లెక్కగా తీసుకోవద్దు.

సాధనకు ఇంగ్లండ్ ఉత్తరాన ఒకప్పటి రోమన్ కోట ఉన్న సౌత్ షీల్డ్స్‌లోని రెజీనా రాయిని మించింది లేదు. ఆమె అల్లిక కుర్చీలో కూర్చుని ఉంటుంది, చేతిలో కదురు, పక్కన నగల పెట్టె, ఉన్ని ఉండల బుట్ట. ముఖం పగిలిపోయింది. లాటిన్ శాసనం ప్రకారం ఆమె కతువెల్లౌని తెగ స్త్రీ, పాల్మైరావాడైన బరాతెస్ విడిపించిన బానిస, అతని భార్య, వయసు 30. ఆ లాటిన్‌లో వ్యాకరణం తడబడుతుంది. కింద పాల్మైరా లిపిలో ఒక వరస ఉంది, అది మాత్రం తీరుగా ఉంది: ‘రెజీనా, బరాతె విడిపించిన స్త్రీ, అయ్యో.’

రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి చూడండి. లాటిన్‌లో ఉన్న ‘భార్య’ అనే మాట సొంత భాషలో లేదు. సొంత భాషలో ఉన్న ‘అయ్యో’ లాటిన్‌లో లేదు. ఆ కోటలో పాల్మైరా లిపి ఎందరు చదవగలిగి ఉంటారు? ఆ వరస అతను తనకోసమే చెక్కించుకున్నాడని నాకనిపిస్తుంది. అతని దుఃఖం నిజమే కావచ్చు. అయినా ఆ రాయి మీద ప్రతి మాటా అతనిదే. ఆమెను కొన్నవాడో, విడిపించినవాడో, పెళ్లాడినవాడో చెప్పిందే మనకు దక్కింది. మీ నోట్సులో ఈ సంగతి తప్పకుండా రాయండి.

7. పేరు లేనివాళ్లను కూడా రాసుకోండి

జర్మనీలోని ట్రియర్ మ్యూజియంలో నాయ్‌మాగెన్ నుంచి వచ్చిన ఒక శిల్పం ఉంది. కుర్చీలో కూర్చున్న ఇంటి యజమానురాలికి తల దువ్వుతున్నారు. చుట్టూ నలుగురు పరిచారికలు, ఒకామె అద్దం పట్టుకుని ఉంది. ఆ నలుగురికీ సొంతంగా సమాధి రాళ్లు ఉన్నాయో లేదో ఎవరికీ తెలియదు. ఇలాంటి శిల్పం చూసినప్పుడు ఎంతమంది స్త్రీలు ఉన్నారు, అందులో ఎందరి పేర్లు తెలుసు అని రెండు అంకెలు పక్కపక్కన రాయండి. పది శిల్పాలు చూసేసరికి మీకే తేడా కనిపిస్తుంది.

8. ఒక నాణెం మీద మొత్తం వరసా ప్రయత్నించండి

మొదటి సాధనకు తెలుగు నేలకు వచ్చిన నాణేన్నే తీసుకోండి. టైబీరియస్ వెండి దెనారియస్‌లు భారతదేశంలో చాలా దొరికాయి, నల్గొండ జిల్లా అక్కనపల్లి నిధిలో కూడా ఉన్నాయి. వెనక వైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ, చేతుల్లో రాజదండం, కొమ్మ. చాలా పుస్తకాలు ఆమెను లివియా అని రాసేస్తాయి.

వరస ప్రకారం వెళ్లండి. ఇది ప్రాంతీయ నాణెం కాదు, చక్రవర్తి పేరిట, ఆయన అధికారంతో వేసిన నాణెం. స్త్రీ చుట్టూ ఉన్న అక్షరాలు ‘పొంతిఫ్ మాక్సిమ్’, అంటే ప్రధాన పూజారి. అది టైబీరియస్ బిరుదు, ఆమె పేరు కాదు. కొమ్మ శాంతి దేవతకు సరిపోతుంది, రాజదండం చాలామంది దేవతలకు సరిపోతుంది. జుట్టు చూసి మనిషిని గుర్తుపట్టలేనంత చిన్న బొమ్మ. కాబట్టి నోట్‌బుక్‌లో ‘కూర్చున్న స్త్రీ, కొమ్మ, రాజదండం, పేరు లేదు, లివియా అని ఒక అభిప్రాయం’ అని రాయండి. తర్వాత రోములా నాణెం ఫొటో తెరిచి, అక్కడ లివియా పేరు ఎంత స్పష్టంగా ఉందో పోల్చి చూడండి.