పునాది మరమ్మతు ఒప్పందం – పాఠం 4: ‘పూర్తయ్యాక’ అంటే ఎప్పుడు?

ఈసారి అండర్‌పిన్నింగ్ పనికి, అంటే పాత పునాది కింద గుంటలు తవ్వి కాంక్రీటు నింపి బలపరిచే పనికి, రేటు ఎలా రాయాలో చెబుదామనుకున్నాను. కానీ పోయిన పాఠానికి మీరు రాసి పంపిన చెల్లింపు షరతులు చూశాక ముందు వాటి సంగతి తేల్చక తప్పడం లేదు. దాదాపు అందరూ ఒకే వాక్యం రాశారు: ‘కాంక్రీటు పని పూర్తయ్యాక 40 శాతం.’ తప్పు నాదే. నా నమూనాలోనే ఆ మాట ఉంది.

పూర్తవడం అంటే ఏమిటి? కాంక్రీటు పోసిన సాయంత్రం మేస్త్రి చేతులు కడుక్కుని వచ్చి డబ్బు అడిగితే, మీ కాగితం ప్రకారం అతను అడిగింది న్యాయమే. కాంక్రీటుకు మాత్రం ఆ రోజు పుట్టినరోజు. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు) లాంటి మిశ్రమ సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. ఇంటి పనులకు కొట్లో దొరికేది ఎక్కువగా పీపీసీయే కనుక నేను కళ్లు మూసుకుని 10 అనే రాస్తాను. 6 మీటర్ల లోపు బీము కింద పోట్లు తీయాలంటే 14 రోజులు ఆగాలి. బలం తేలేది 28వ రోజున, అదే కాంక్రీటుతో పోసిన దిమ్మలను (క్యూబ్‌లను) యంత్రంలో నలగ్గొట్టి చూసినప్పుడు. ఇన్ని తేదీలుండగా ‘పూర్తయ్యాక’ అని రాస్తే, ఎవరికి నచ్చిన తేదీని వారు పట్టుకుంటారు.

ఇలా రాయండి: ‘1 నుంచి 4 వరకు గుంటల్లో కాంక్రీటు పోసిన మరునాడు, మట్టి కప్పకముందే ఇద్దరూ కలిసి కొలిచి సంతకాలు చేశాక, ఆ గుంటల బిల్లులో 60 శాతం. 10 రోజులు నీళ్లు కట్టాక 20 శాతం. 28 రోజుల క్యూబ్ పరీక్ష ఫలితం చేతికందాక 15 శాతం. మిగిలిన 5 శాతం గ్యారంటీ గడువు ముగిశాక.’ శాతాలు మీ ఇష్టం. ‘మట్టి కప్పకముందే’ అన్న మాట మాత్రం వదలకండి. కప్పేసిన పునాదిని కొలవడం ఎవరి తరమూ కాదు.

‘ఇంత చిన్న పనికి క్యూబ్‌లా?’ అని ఒకరు అడిగారు. 1 నుంచి 5 ఘనపు మీటర్ల పనికి ఒక నమూనా చాలు, అంటే 15 సెంటీమీటర్ల క్యూబ్‌లు మూడు. నేనైతే ఆరు పోయిస్తాను. మూడింటిని 7వ రోజునే పరీక్షిస్తే దుర్వార్త ముందుగా తెలుస్తుంది. ఒక జాగ్రత్త: తొట్టిలో నానిన క్యూబ్ కలిపిన మాలు గురించి చెబుతుంది గానీ, గుంటలో నీళ్లు కట్టారో లేదో చెప్పదు. అన్నట్టు, బలాన్ని చెప్పే ‘ఎం20’ అనీ, సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు చెప్పే ‘1:1.5:3’ అనీ రెండూ రాసినవారు ఒకటి కొట్టేయండి. బలం తగ్గితే, కొలత ప్రకారమే కలిపానంటాడు కాంట్రాక్టరు. నేను బలాన్నే ఉంచుతాను.

పేర్లు, చిరునామాలు, స్టాంపు కాగితం, సాక్షుల గురించి మీకు తెలుసు కనుక వాటి జోలికి పోవడం లేదు.

ఇక రేటు. పునాది మరమ్మతుకు మొత్తం పనికి ఇంత అని గుత్తకు మాట్లాడుకోవద్దు. కింద ఏముందో తవ్వేదాకా మీకూ తెలియదు, అతనికీ తెలియదు. తవ్వకానికి ఘనపు మీటరుకు ఇంత, 1.5 మీటర్ల లోతు దాటితే ఇంత, కాంక్రీటుకు ఇంత అని విడివిడిగా రాయండి. గుంటలకు అంకెలు వేసి, పక్కపక్క గుంటలు ఒకేసారి తవ్వకూడదని కూడా రాయండి. ఇంటి కింద మట్టి తీస్తున్నారన్న సంగతి గుర్తుంటే చాలు, కారణం నేను చెప్పనక్కరలేదు.

నాకు ఒళ్లు మండించే మాట ‘పదేళ్ల గ్యారంటీ’. దేనికి గ్యారంటీ? నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. మే నెలలో వేలు పట్టేంత బీట సెప్టెంబరుకల్లా మూసుకుపోవచ్చు. మా వెనక గోడకు అదే జరిగింది. మరమ్మతు చేసినాయన వానాకాలంలో పని ముగించి, బీట పోయింది చూసుకోండి అన్నాడు. నిజంగానే పోయింది. మళ్లీ ఎండాకాలం రాగానే తిరిగొచ్చింది. అడిగితే, ‘అది పాతది కాదండీ, కొత్త బీట’ అన్నాడు. కాదని చూపించడానికి నా దగ్గర ఒక్క కొలత కూడా లేదు.

కాబట్టి గ్యారంటీలో ప్రతి బీటకూ అంకె, ఆనాటి వెడల్పు, ఎన్ని మిల్లీమీటర్లు పెరిగితే పని విఫలమైనట్టో ఉండాలి. గడువులో కనీసం ఒక పూర్తి వానాకాలం, ఒక పూర్తి ఎండాకాలం పడాలి. నీటి ఊసు కూడా ఉండాలి: డాబా నీళ్ల గొట్టం, ఇంకుడు గుంత, స్నానాలగది తూము, గోడ పక్కన చెట్టు. వీటిలో ఏది ఎవరు సరిచేయాలో రాయకపోతే, రేపు నెపమంతా మీ ఇంటి నీళ్ల మీదే. ‘రెరా ప్రకారం 5 సంవత్సరాలు’ అని రాసినవారికి ఒక మాట: రెరా అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం. అందులోని 14(3) సెక్షన్ ప్రమోటరు దగ్గర, అంటే కట్టి అమ్మేవారి దగ్గర, ఫ్లాటు కొన్నవారి కోసం. మీ సొంత ఇంటి మరమ్మతుకు దాన్ని నమ్ముకోకండి, గడువును మీరే రాసుకోవాలి.

అభ్యాసం కొంచెం పెద్దదే. మీ షరతులన్నీ తిరగరాయండి. అందులో ‘పూర్తి’, ‘బాగా’, ‘తగినంత’, ‘అవసరమైతే’ అన్న మాటలు ఒక్కటీ కనిపించకూడదు. తరువాత ఇంట్లో మూడు బీటలు వెతికి, ఒక్కోదానికి అడ్డంగా సన్నని గాజు పలక అతికించి, పక్కన తేదీ రాసి, ఎనిమిది వారాలు వారానికోసారి చూడండి. బీట కదిలితే గాజు పగులుతుంది. బీటలు లేని అదృష్టవంతులు పక్కింటివారిని అడగండి. లోపలైతే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో, బయటైతే సిమెంటుతో అతికించండి. పెచ్చు లేచిన పూత మీద కాదు, దాన్ని గీకేసి ఇటుక మీద.