ఇత్తడి లాకెట్‌లో రంగు సిమెంట్ పొదగడం ఎలా?

పాత ఇళ్లలో ఎర్ర గచ్చు ఏళ్ల తరబడి తొక్కినా రంగు పోదు. ఆ సిమెంట్‌నే, ఆ రంగునే రెండు మిల్లీమీటర్ల మందాన ఇత్తడిలో పోస్తే మెడలో వేసుకునే లాకెట్ అవుతుంది. తమిళనాడులో ఆత్తంగుడి టైళ్లు చేసేవాళ్లు గాజు పలక మీద లోహపు చట్రం పెట్టి, ఒక్కో గడిలో ఒక్కో రంగు సిమెంట్ పోసి, తర్వాత చట్రాన్ని పైకి తీసేస్తారు. మనం చట్రాన్ని తియ్యం, అదే నగ.

సిమెంట్ నున్నటి లోహానికి జిగురులా అతుక్కోదు. పోసిన వారానికే బిళ్లలా ఊడి చేతిలోకి వస్తుంది. అందుకే ఈ పనిలో సగం శ్రద్ధ పట్టు ఇవ్వడం మీదే పెట్టాలి.

ముందు ఇత్తడి పని

0.8 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇత్తడి రేకు మీద 30 మిల్లీమీటర్ల వ్యాసంతో గుండ్రంగా గీసి, సన్న రంపంతో కోసి, ఆకురాయితో అంచు సాపు చేయండి. రెండు మిల్లీమీటర్ల వెడల్పున్న ఇత్తడి పట్టీని చుట్టూ గట్టులా నిలబెట్టి టంకం పెట్టాలి. పట్టీ పొడవు సుమారు 94 మిల్లీమీటర్లు పడుతుంది, కాస్త ఎక్కువే కోసుకోండి. రెండు రంగులు కావాలంటే మధ్యలో అదే ఎత్తు పట్టీని నచ్చిన వంపు తిప్పి అతికించండి. ఒంటికి తగిలే వస్తువు కాబట్టి సీసం లేని టంకమే వాడాలి. చేతకాకపోతే బంగారం పని చేసేవాళ్ల దగ్గర ఈ ఒక్క పనీ చేయించుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

గొలుసు వేసే రింగు కూడా ఇప్పుడే పెట్టేయాలి. సిమెంట్ పోశాక మంట చూపిస్తే పగుళ్లు ఖాయం. అల్యూమినియం రేకు మాత్రం వద్దు. పచ్చి సిమెంట్‌లోని క్షారం దానితో కలిసి గ్యాస్ బుడగలు పుట్టిస్తుంది.

ఇక పట్టు. అడుగు రేకుకి నాలుగైదు చోట్ల ఒక మిల్లీమీటర్ రంధ్రాలు వేసి, వెనక వైపు వాటి మూతిని కొంచెం వెడల్పు చేయండి. సిమెంట్ ఆ రంధ్రాల్లోకి దిగి వెనక గొడుగులా విచ్చుకుంటే ఇక ముందుకి ఊడి రాదు. లోపలి అడుగుని సూదితో అడ్డదిడ్డంగా గీకండి. టంకం మందు మరక, చేతి జిడ్డు లేకుండా సబ్బుతో కడిగి ఆరబెట్టి, వెనక టేపు అంటించండి.

రంగు సంగతి

హార్డ్‌వేర్ షాపులో ఎరుపు, పసుపు, నలుపు ఆక్సైడ్ పొడులు దొరుకుతాయి. ఆకుపచ్చకి క్రోమియం ఆక్సైడ్. నీలానికి కోబాల్ట్ బ్లూ బాగుంటుంది కానీ ఖరీదెక్కువ. బట్టల నీలిమందుని నమ్ముకోకండి. నేను మొదట్లో తెలివిగా వంటింట్లో పసుపు కలిపాను. పసుపులో సున్నం కలిస్తే పారాణి అవుతుందని చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నా, సిమెంట్ కూడా సున్నం లాగే క్షారమని ఆ పూట తట్టలేదు. కళ్ల ముందే ఎర్రబడింది. అది కూడా నిలిచిందా అంటే, ఎండ తగలగానే వెలిసిపోయింది.

తడి మీద ఉన్న రంగు చూసి మోసపోకండి, ఆరాక బాగా లేతబడుతుంది. ఖాళీ అయిన మందుబిళ్లల స్ట్రిప్ గుంటల్లో ఒక్కో పాళ్లలో కొంచెం పోసి రెండు రోజులు ఆగితే అసలు రంగు తెలుస్తుంది.

కలపడం, పోయడం

చేతులకి గ్లవ్స్, ముక్కుకి మాస్క్ వేసుకోండి. తడి సిమెంట్ చర్మాన్ని కాలుస్తుంది, పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఒక్కో రంగుకి 5 గ్రాముల వైట్ సిమెంట్, రెండున్నర గ్రాముల మెత్తటి పాలరాతి పొడి, పావు గ్రాము రంగు తీసుకుని పొడిగా ఉండగానే బాగా కలపండి. ముగ్గుపిండి వాడొచ్చా అంటే, ఒక్కో చోట ఒక్కో రాయి నూరి అమ్ముతారు కాబట్టి నేను వాడను. అంత చిన్న తూకానికి వంటింటి కాటా పనికిరాదు, నగల కాటా కావాలి. రంగు పొడి బరువు, సిమెంట్ బరువులో పదో వంతు దాటకూడదు. దాటితే రంగు పెరగదు, బలం తగ్గుతుంది. ఈ పాళ్లు ఒక లాకెట్‌కి ఎక్కువే. పొడి మిశ్రమంలోంచి రెండు మూడు చిటికెలు విడిగా దాచండి, తర్వాత అవసరం పడుతుంది.

మిగతా దాంట్లో నీళ్లు చుక్కచుక్కగా వేయండి. మొత్తం పొడికైతే రెండు మిల్లీలీటర్లు దాటనివ్వకండి. గట్టి పెరుగులా ఉంటే సరిపోయినట్టు. అగరుబత్తి పుల్లతో ముందు మూలల్లోకి, రంధ్రాల్లోకి నొక్కి, తర్వాత గట్టు కంటే అర మిల్లీమీటర్ ఎత్తుగా నింపండి. లాకెట్‌ని బల్ల మీద పెట్టి పక్కన వేలితో యాభై సార్లు తట్టండి. బుడగలు ఒక్కొక్కటే పైకి వచ్చి టప్పున పగులుతుంటే చూడటానికి సరదాగా ఉంటుంది.

నానబెట్టడం

సిమెంట్ ఎండితే గట్టిపడదు, నీళ్లు తాగితే గట్టిపడుతుంది. కొత్త స్లాబుకి రోజూ నీళ్లు కొట్టేది అందుకే. లాకెట్‌ని మూతున్న డబ్బాలో పెట్టి, తగలకుండా పక్కన తడిగుడ్డ ఉంచి మూసేయండి. ఫ్యాన్ కింద, ఎండలో వదిలేస్తే జుట్టంత సన్నటి పగుళ్లు వస్తాయి. మన ఎండాకాలంలో అయితే మరీను. రెండో రోజు గోటితో గీస్తే గీత పడకపోతే సాన పట్టొచ్చు.

గాజు పలక మీద 220 నంబర్ వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పరిచి, నీళ్లు పోస్తూ, లాకెట్‌ని బోర్లించి 8 అంకె వేసినట్టు తిప్పండి. ఇత్తడి గట్టు తళుక్కుమని బయటపడే క్షణం కోసమే ఇంత కష్టం. తర్వాత 400, 800, 1200. మధ్యమధ్యలో కడగాలి, లేకపోతే లోహపు నలుపు లేత రంగుల్లోకి దిగుతుంది. ఎంత తట్టినా సూదిబెజ్జాలు కొన్ని మిగులుతాయి. దాచిన పొడిని తడిపి వాటిలో రుద్ది, ఇంకో రోజు ఆగి మళ్లీ 1200 మీద తిప్పండి.

మళ్లీ డబ్బాలో పెట్టి, పోసిన రోజు నుంచి లెక్కేసి వారం నిండే దాకా తడిలో ఉంచి, తర్వాత నీడలో మూడు రోజులు ఆరనివ్వండి. పైన తెల్లటి పూత కనిపిస్తే కంగారు పడొద్దు, సిమెంట్‌లోని సున్నం పైకి తేలిందంతే. 1200 పేపర్‌తో ఒకసారి తుడిస్తే పోతుంది. టేపు తీసి, ముందు వైపు తేనెమైనం పల్చగా రుద్ది గుడ్డతో మెరుగు పెట్టండి. వెనక వైపు పారదర్శకమైన లక్కర్ వేస్తే ఇత్తడి పచ్చదనం, సిమెంట్ ఒంటికి తగలవు.

ఇత్తడి కదా అని చింతపండు పెట్టి మాత్రం తోమకండి. పులుపు సిమెంట్‌ని తినేస్తుంది, ఒక్కసారికే మెరుగు పోయి గరుకు తేలుతుంది. నల్లబడిన అంచుని పొడి గుడ్డతో తుడవండి, చాలు.